పెరటి చెట్టుకి పాతికడుగులు

ఇంటిని ఆనుకుని చెట్టుంటే ఎంత చల్లనో! కానీ ఆ మొక్క మానయ్యాక ఇంటి గోడ ఏమవుతుంది? గాలివాన రాత్రి ఇంటిల్లిపాదీ ఏ గదిలో పడుకుంటారు? గోదావరి డెల్టాలోని రాయవరంలో నాలుగు వీధులు తిరిగితే తెలిసిన సంగతులివి.

రాజమహేంద్రవరం నుంచి రాయవరం వెళ్లే దారిలో కడియం తగులుతుంది. అక్కడ ఆగకుండా వెళ్లగలిగినవాళ్లు నిజంగా గట్టివాళ్లే. రోడ్డు వెంట ఎటు చూసినా నర్సరీలు. నల్ల కవర్లలో జానెడు జానెడు మొక్కలు బారులు తీరి ‘మమ్మల్ని తీసుకుపోవూ’ అన్నట్టు చూస్తుంటాయి. నేనూ ఆగాను. అమ్మమ్మకి సంపెంగలంటే ప్రాణం. మూరెడు సంపెంగ మొక్క ఒకటి కొని, ద్వారపూడి, మండపేట దాటేదాకా ఒళ్లోనే పెట్టుకుని, రాయవరంలో దిగాను.

మావయ్య బండేసుకుని వచ్చాడు. మొక్క వైపు చూసి ‘ఎక్కడ పాతుదామనే?’ అన్నాడు.

‘అమ్మమ్మ గది కిటికీ కింద. రాత్రుళ్లు వాసనొస్తుంది కదా!’

ఆయన అవునన్లేదు, కాదన్లేదు. ‘ముందు ఇంటికి పద. ఆ కిటికీ చూద్దువుగాని’ అన్నాడంతే.

రాయవరం వరి పండే ఊరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తూర్పు డెల్టా కాలువల నీళ్లు తాగి పచ్చబడిన ఊళ్లలో ఇదొకటి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ మండలాన్ని కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాలో కలిపారు. ‘అసలు కోనసీమంటే గౌతమికి అవతలండీ, మేం ఇవతలోళ్లం’ అని నవ్వుతారు పెద్దవాళ్లు. దర్శకుడు వంశీ ‘మా పసలపూడి కథలు’తో తెలుగువాళ్లందరికీ చుట్టమైపోయిన పసలపూడి ఈ మండలంలోదే. గోదావరికి ఏ ఒడ్డునైతేనేం, పచ్చదనానికి తేడా లేదు. చేల గట్ల మీద కొబ్బరిచెట్లు, కాలువ గట్ల మీద కొబ్బరిచెట్లు, ఇళ్ల మీదకి ఒంగిన కొబ్బరిచెట్లు... ఇదిగో, ఆ చివరివాటి గురించే ఈ కథ.

ఇల్లే చెట్టు దగ్గరికొచ్చింది!

అమ్మమ్మ కాపురానికొచ్చినప్పుడు ఇది పెంకుటిల్లు. వెనక అరెకరం దొడ్డి. పశువుల శాల, గడ్డిమేటు, నుయ్యి, ఆ పైన చెట్లు. ఇంటి దగ్గర తులసికోట, దాని పక్కన రెండు పూలమొక్కలు... అంతే. కొబ్బరి, మామిడి, పనస అన్నీ దొడ్డి చివరే. మావయ్య పుట్టినప్పుడు తాతయ్య ఓ కొబ్బరిమొక్క పాతాడు. అదీ అక్కడే.

తర్వాత అన్నదమ్ములు పంచుకున్నారు. వాళ్ల పిల్లలు మళ్లీ పంచుకున్నారు. మావయ్య వాటాకి వచ్చింది ఆరు సెంట్లు, అంటే 290 గజాలు. అందులో డాబా కట్టాక చుట్టూ మిగిలింది సందు. దొడ్డి చివర ఉండాల్సిన కొబ్బరిచెట్టు ఇప్పుడు అమ్మమ్మ గది కిటికీకి నాలుగడుగుల్లో ఉంది. చెట్టు ఒక్క అడుగు కూడా కదల్లేదు. ఇల్లే దాని దగ్గరికి జరిగింది.

రాయవరమే కాదు, డెల్టాలో ఏ ఊరెళ్లినా ఇదే వరస. పెద్దలు దొడ్డి చూసుకుని పాతిన చెట్లు, పిల్లలు సెంట్ల లెక్కన కట్టుకున్న ఇళ్లు. ‘పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు’ అని సామెత. పెరడే లేకుండా పోయాక చెట్టుకే వైద్యం చేయించాల్సి వస్తోంది.

ఆ కొబ్బరిచెట్టు అరవై అడుగులుంటుంది. ఒలవని కాయ కిలో పైనే తూగుతుంది. అంత ఎత్తు నుంచి రాలితే నేల తాకేసరికి దాని వేగం గంటకు 65 కిలోమీటర్లు ఉంటుంది. కాయలు సరే, ఏడాదికి ఓ డజను మట్టలు కూడా రాలతాయి. తోట ఉన్నవాళ్లయితే నెలా రెండు నెలలకోసారి దింపు తీయిస్తారు. ఒక్క చెట్టు ఎక్కడానికి ఎవరొస్తారు? దింపు ఆలస్యమైతే ముదిరిన కాయ ఎవర్నీ అడక్కుండా తనే దిగుతుంది.

వంటింటి వెనక షెడ్డుకి ఇప్పటికి మూడుసార్లు రేకులు మార్పించారు. ఓసారి కాయ వెళ్లి పక్కింటివాళ్ల స్కూటర్ మీద పడింది. సీటు చిరిగింది, మాటా పెరిగింది. ‘నాలుగు నెలలపాటు రెండిళ్ల మధ్యా కూరగిన్నె నడవలేదే’ అంది అత్తయ్య. రేకుల ఖర్చు కంటే ఆవిడకి అదే ఎక్కువ బాధ.

కొబ్బరిని మరీ ఆడిపోసుకోకూడదు. దాని వేళ్లు పీచులాంటివి. మామిడి, రావి వేళ్లలా ఏటేటా లావెక్కవు. కాబట్టి పునాదిని ఎత్తిపడేసే బలం వాటికి లేదు. కొబ్బరితో ప్రమాదమంతా పైనుంచే. కిందినుంచి వచ్చే ప్రమాదం చూడాలంటే వీధి వాకిట్లోకి రావాలి.

మట్టి చేసే మాయ

వాకిట్లో బాదంచెట్టుంది. కొత్తింట్లో పాలు పొంగించిన ఏడు పాతారు. ఇరవై ఏళ్లలో గొడుగులా పరుచుకుంది. గోడకి ఆరడుగుల దూరం. ముందు గది మూల నుంచి కిటికీ దాకా గోడ మీద మెట్లు మెట్లుగా ఓ బీట. ‘ఎండాకాలం విచ్చుకుంటుంది. వానాకాలం ముడుచుకుంటుంది. సిమెంటు పెట్టించడం, రంగు వేయించడం... ఏటా ఇదే పని’ అన్నాడు మావయ్య.

వేళ్లు పునాదిలోకి చొరబడి గోడని చీల్చేస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి గట్టి కాంక్రీటుని వేరు తొలవలేదు. ముందే పగులుంటే అందులో దూరి దాన్ని పెద్దది చేస్తుంది. అసలు మాయ మట్టిలో జరుగుతుంది. డెల్టా బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక చేలు నెర్రెలు బారడం చూసే ఉంటారు. ఇంటి కిందా అదే మట్టి. దానికి తోడు పెద్ద చెట్టు రోజూ ఆ నేలలోంచి బోలెడు నీళ్లు తోడేస్తుంటే, చెట్టు వైపున్న మట్టి మిగతా చోట్లకంటే ఎక్కువగా కుంగుతుంది. ఇల్లంతా ఒకేలా కుంగితే గోడకేమీ కాదు. ఒక మూల దిగి, ఇంకో మూల నిలబడితేనే బీట.

ఇది మన దగ్గరే ఉన్న బాధ కాదు. 1976లో ఇంగ్లండులో పెద్ద కరువొచ్చినప్పుడు బంకమట్టి నేలల మీద కట్టిన ఇళ్లు చాలావాటికి ఇలాగే గోడలు బీటలిచ్చాయి. ఆ తర్వాత అక్కడి ఇంజినీర్లు చెట్టుకీ పునాదికీ మధ్య దూరాన్నీ, పునాది లోతునీ మరింత పట్టించుకోవడం మొదలుపెట్టారు.

అలాగని బీట కనపడగానే గొడ్డలి పట్టుకోకూడదు. ఇల్లు కట్టకముందు నుంచీ ఉన్న పెద్ద చెట్టుని ఒక్కసారిగా తీసేస్తే, అన్నేళ్లూ అది తాగిన నీళ్లు మట్టిలోనే మిగిలిపోతాయి. కుంగిన నేల మళ్లీ ఉబ్బి, గోడని ఇంకో పక్కకి నెడుతుంది. ముందు ఇంజినీరుకి చూపించాలి. చాలాసార్లు కొమ్మలు తగ్గిస్తే నీళ్ల వాడకమూ తగ్గుతుంది.

ఇక మరుగుదొడ్డి గొట్టాలు, నీళ్ల సంపు, సెప్టిక్ ట్యాంకు. వేళ్లకి చెమ్మ ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది. గొట్టాలు అతికిన చోట వెంట్రుకంత సందు చాలు. లోపలికి దూరిన వేరు ఏడాది తిరిగేసరికి జడలా అల్లుకుంటుంది. వానల్లో స్నానాలగదిలో నీళ్లు వెనక్కి తన్నితే ముందు గొట్టాన్ని తిట్టకండి. దాని పక్కన ఏ చెట్టుందో చూడండి.

మేడెక్కి చూస్తే...

డాబా మీదకి వెళ్లాం. బాదం ఆకు అరచేతికి రెండింతలుంటుంది. రాలే ముందు ఎర్రబడి ఎంత అందంగా ఉంటుందో, రాలాక అంత తంటా. నీళ్లు పోయే తూముకి ఒక్క ఆకు అడ్డం పడితే చాలు, చివరి వాన తాలూకు నీళ్లు డాబా మీదే మిగులుతాయి. నిలవ నీళ్లు శ్లాబులోకి దిగుతాయి. లోపలి ఇనుము తుప్పు పట్టి, ఓ రోజు గదిలో పెచ్చు ఊడి పడుతుంది. ‘శ్లాబు సరిగ్గా పోయలేదు’ అని మేస్త్రిని ఆడిపోసుకుంటాం. నేరం ఆకుదీ, తుడవని మనదీను.

పిట్టగోడ మూల సందులో నాలుగాకుల రావి మొక్క కనిపించింది. పక్షి పండు తిని గింజ విడిచిన చోటల్లా రావి, మర్రి, జువ్వి మొలుస్తాయి. వాటికి మట్టి కూడా అక్కర్లేదు. ‘రావిని పీకితే పాపం’ అని వదిలేస్తే ఆ వేరు ఇటుకల మధ్యకి పోతుంది. రాతి గుళ్లనే వదలని వేరది. కంబోడియాలో తా ప్రోమ్ ఆలయం గోడల్ని పెనవేసుకున్న వేళ్ల ఫొటోలు మీరూ చూసే ఉంటారు. చూడ్డానికి అద్భుతం. మన పిట్టగోడకి మాత్రం వద్దు. నాలుగాకులప్పుడే వేరుతో సహా తీసి, చెరువు గట్టున పాతితే పాపమూ లేదు, ఇల్లూ నిలుస్తుంది.

కొబ్బరికి ఈమధ్య ఇంకో బెడద. మన దేశంలో 2016లో తొలిసారి కనిపించిన సర్పిలాకార తెల్లదోమ ఇప్పుడు డెల్టా అంతటా ఉంది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తూ తేనెలాంటి జిగురు విడుస్తుంది. దాని మీద నల్లటి మసి బూజు పడుతుంది. తోటలో అయితే ఆ మసి కింది ఆకుల మీద పడుతుంది. ఇంటి పక్కనైతే కిటికీ అద్దాలు, ఆరేసిన బట్టలు, కింద నిలిపిన బళ్లు... అన్నిటి మీదా. అత్తయ్య దండెం మేడ మీద నుంచి వీధి వాకిట్లోకి మారింది అందుకే.

కిటికీ కింద గుబురు

‘పెద్ద చెట్లు వద్దు సరే, మొక్కలు పెంచుకోవచ్చుగా?’ అంటారేమో. పెంచుకోవచ్చు. గోడకి ఆనించకూడదు, అంతే. పక్క గది కిటికీ కింద అత్తయ్య పెంచిన మందార, క్రోటన్లు, గోడకి పాకించిన మల్లె గుబురుగా అల్లుకున్నాయి. రోజూ పోసే నీళ్లు గోడ మొదట్లోనే ఇంకుతాయి. లోపలివైపు మూరెడు ఎత్తున సున్నం ఉబ్బి, ఉప్పు పూసి, రాలిపోతోంది. ఎండ తగలదు, గాలి ఆడదు. ఆ చెమ్మనే దారి చేసుకుని చెదలు ద్వారబంధం దాకా వచ్చాయి.

ఓసారి ఆ గుబురు కింద రాలిన ఆకులు ఊడుస్తుంటే అత్తయ్య చీపురు కింద కట్లపాము మెదిలింది. ఊరు ఊరంతా వరిచేల మధ్య ఉన్నప్పుడు పాములుండవా మరి! అవి మన మొక్కల కోసం రావు. ఎలకల కోసం, కప్పల కోసం వస్తాయి. తడి, నీడ, ఎండుటాకులు ఉన్నచోట అవీ ఉంటాయి. కట్లపాము తిరిగేది రాత్రిపూట. దాని కాటు ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. అందుకే కిటికీకి తగిలే కొమ్మ, గుమ్మం పక్కన గుబురు మంచివి కావు. పాము కాటేసిందని అనుమానం వస్తే నాటువైద్యం అంటూ కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

దోమల సంగతి సరేసరి. డెంగీ తెచ్చే దోమకి చెరువులూ కాలువలూ అక్కర్లేదు. మొక్కల మధ్య పడేసిన కొబ్బరి చిప్పలో, కుండీ కింద పళ్లెంలో నిలిచిన గుక్కెడు నీళ్లు చాలు. చిన్నపిల్లలున్న ఇళ్లలో ఇంకో జాగ్రత్త. పచ్చగన్నేరు కాయ, ఎర్రగన్నేరు ఆకు, ఉమ్మెత్త గింజ... అన్నీ విషమే. పిల్లలు ఆడుకునే వాకిట్లో వీటికి చోటివ్వకూడదు.

ఆ రాత్రి ఆ గదిలో ఎవరూ పడుకోలేదు

ఇవన్నీ ఒక ఎత్తు. గాలివాన ఒక ఎత్తు. డెల్టాలో నలభై దాటిన వాళ్లెవరినడిగినా 1996 నవంబరు 6 గురించి చెబుతారు. కాకినాడకి దక్షిణాన తీరం దాటిన ఆ తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. ‘తెల్లారి చూస్తే ఆకాశం కొత్తగా కనపడింది. అడ్డం ఉండాల్సిన చెట్లు లేవు’ అంది అమ్మమ్మ. మావయ్య కొబ్బరిచెట్టు ఆ రాత్రి నిలబడింది. అప్పుడది దొడ్డి చివర ఉంది. పడినా దొడ్లోనే పడేది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ రోజు కోనసీమ జిల్లా మామిడికుదురు మండలంలో చెట్టు ఇంటి మీద పడి ఓ మహిళ ప్రాణం పోయింది. రాయవరంలో మావాళ్లు అమ్మమ్మ మంచాన్ని మోసుకొచ్చి ముందు గదిలో వేశారు. ముందు గది పక్కన బాదంచెట్టు! అక్కడా భయమే. చివరికి అందరూ మధ్య గదిలో గోడకి చేరబడి కూర్చున్నారు. కరెంటు పోయింది. మట్ట ఊడిపడ్డప్పుడల్లా అందరూ ఒక్కసారి పైకి చూసేవారట. ‘సొంతింట్లో కూర్చుని ఏ గదిలో ఉంటే బతుకుతామా అని లెక్కలేసుకోవడం... అంతకంటే ఏముంటుంది చెప్పు?’ అన్నాడు మావయ్య.

చెట్టు పడలేదు. కానీ తెల్లారి చూస్తే మొదట్లో, ఇంటికి అవతలివైపు, నేల నెర్రె ఇచ్చి ఉంది. చెట్టు ఇంటివైపు కదిలిందని దానర్థం.

చెట్టు పడే ముందు ఇలాంటి గుర్తులిస్తుంది. మొదట్లో నేల పగలడం, ఒకవైపు మట్టి ఉబ్బడం, కొత్తగా ఒంగడం, మొదట్లో పుట్టగొడుగుల్లాంటివి లేవడం. కొబ్బరికైతే ఎర్రముక్కు పురుగు కాండంలో చేరి లోపలంతా తినేస్తుంది. బయటికి నిక్షేపంలా కనపడే చెట్టు గాలికి మధ్యకి విరుగుతుంది. గానోడెర్మా తెగులు పడితే వేళ్లే కుళ్లిపోతాయి. కాండం మీద రంధ్రాలు, కారే జిగురు కనపడితే వ్యవసాయ, ఉద్యాన సిబ్బందికి చూపించాలి. అంబాజీపేటలో కొబ్బరి మీద పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానమే ఉంది.

రెండు తప్పులు మనమే చేస్తాం. ఒకటి, మెరక. రోడ్డు ఎత్తు పెరిగినప్పుడల్లా వాకిట్లో మట్టి తోలించి ఎత్తు లేపుతాం. మాను మొదలు రెండడుగుల లోతున పూడిపోతుంది. వేళ్లకి గాలాడక చెట్టు బలహీనపడుతుంది. రెండోది, కాలువ తవ్వకం. వీధివైపు డ్రెయిను కోసం వేళ్లు నరికేస్తే, చెట్టుని ఆ వైపు నుంచి పట్టి ఉంచే తాళ్లు తెగినట్టే. అప్పుడది పడేది రెండోవైపు, అంటే ఇంటివైపు. వేళ్లు నరికిన చెట్టుని ఆ ఏడాది గాలివానల ముందే కొమ్మలు తీయించి తేలిక చేయాలి.

కరెంటు తీగల సంగతి చెప్పనే అక్కర్లేదు. తీగకి తగిలే కొమ్మని ఇనప గెడతో, తడి కర్రతో లాగడం ప్రాణంతో చెలగాటం. లైన్‌మన్‌కి చెప్పి, సరఫరా ఆపించాకే చెయ్యి వేయాలి.

నర్సరీలో అడగాల్సిన ప్రశ్న

మొక్క కొనేటప్పుడు మనమంతా ‘పూలెప్పుడు పూస్తుంది, కాయలెప్పుడు కాస్తుంది’ అనడుగుతాం. ‘ఇరవై ఏళ్లకి ఎంతవుతుంది’ అని అడగం. నేనూ అడగలేదు. తర్వాత తెలిసింది, సంపెంగ బాగా ఎదిగితే మూడంతస్తుల మేడని మించే చెట్టు!

అడగకపోతే ఊళ్లకి ఊళ్లే నాలుక కరుచుకుంటాయి. కోనోకార్పస్‌నే చూడండి. త్వరగా పెరుగుతుంది, ఎప్పుడూ పచ్చగా ఉంటుందని రోడ్ల వెంటా గోడల వెంటా ఎడాపెడా నాటారు. తర్వాత దాని వేళ్లు గొట్టాల్లో దూరుతున్నాయని, పుప్పొడితో ఇబ్బందులని ఫిర్యాదులొచ్చాయి. గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో దాన్ని నాటడం నిషేధించాయి. విశాఖలో 2014 హుద్‌హుద్ తర్వాత పచ్చదనం కోసం ఏడాకులపాల చెట్లు పెట్టారు. అవి పూసే కాలం వచ్చిందంటే ఆ ఘాటు వాసన భరించలేమని ఇళ్లవాళ్ల గోల. చెట్టులో దోషం లేదు. అది ఉండాల్సిన చోటు కిటికీ పక్కన కాదు.

మరి ఎంత దూరం? కొలతలన్నీ బండగుర్తులే. మట్టినిబట్టి, పునాదినిబట్టి మారతాయి. అయినా ఇవి గుర్తుంచుకుంటే చాలావరకు గట్టెక్కుతాం.

• మర్రి, రావి, నిద్రగన్నేరు, తురాయి: ఇళ్ల మధ్య వద్దు. చెరువు గట్టు, బడి ఆవరణ, గుడి ఆవరణ వీటికి చోటు.

• చింత, నేరేడు, మామిడి, వేప, బాదం, పనస: గోడకి కనీసం 25 నుంచి 30 అడుగులు.

• కొబ్బరి: తోటలోనే చెట్టుకీ చెట్టుకీ 25 అడుగులు వదులుతాం. గోడకీ అంతే వదలాలి. పడకగది, రేకుల షెడ్డు, బళ్లు నిలిపే చోటు, పిల్లలాడుకునే చోటు దాని కింద ఉండకూడదు.

• మునగ: కాయలు బంగారమే, కొమ్మ మాత్రం పెళుసు. గొంగళిపురుగులూ ఎక్కువ. ఇంటికి 15 అడుగులు వదిలి, ఏటా కాపయ్యాక నరికించాలి.

• జామ, ఉసిరి, సీతాఫలం, నిమ్మ, కరివేపాకు: 8 నుంచి 12 అడుగులు. రెండు మూడు సెంట్ల జాగాలో ఇవే మంచివి.

• మందార, నందివర్ధనం, మల్లె: గోడకి మూడు నాలుగడుగులు వదలండి. ఆ సందులో చీపురు ఆడాలి, ఎండ పడాలి.

మొక్కని చూసి పాతకండి. మానుని తలుచుకుని పాతండి. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్నట్టు, కొమ్మలు దిద్దడం కూడా చిన్నప్పటి నుంచే.

ఇదంతా చదివి ఇంటి చుట్టూ చెట్లన్నీ కొట్టించేస్తారేమో, అది ఇంకా పెద్ద పొరపాటు. పడమటి ఎండకి అడ్డుగా, తగినంత దూరంలో ఉన్న వేపచెట్టు ఇంటిని ఎంత చల్లగా ఉంచుతుందో దాని కింద మంచం వేసుకున్నవాళ్లకి తెలుసు. గుర్తులు లేని, బలమైన చెట్టుకి కొమ్మలు దిద్దితే చాలు. కొట్టక తప్పదనుకుంటే అనుమతి సంగతి ముందే కనుక్కోవాలి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొన్ని జాతులకి తప్ప చెట్టు కొట్టాలంటే ముందస్తు అనుమతి కావాలి. ఇంటి పక్క చెట్టుని మొదట్లో నరికి పడేయడం ప్రమాదం. పైనుంచి ముక్కలు ముక్కలుగా దించే పనివాళ్లనే పిలవాలి.

పది... పదకొండు... పన్నెండు

నేను ఉన్న మూడో రోజున కొబ్బరిచెట్టు దించే మనిషి వచ్చాడు. కాళ్లకి బందం వేసుకుని ఎక్కి, ముందు కాయలు, తర్వాత మట్టలు దించాడు. మొవ్వు దించి అమ్మమ్మ చేతికిచ్చాడు. ‘తినండమ్మా, తీపిగా ఉంటాదండి’ అన్నాడు. ఆవిడ కొంచెం తుంచి మావయ్యకి పెట్టింది. ‘నీకూ అరవై, దానికీ అరవై’ అంది. మావయ్య నవ్వబోయి తల తిప్పుకున్నాడు. అన్నేళ్లూ అది కాసిన కాయలు ఆ ఇంటి పచ్చళ్లలో, పండగ పిండివంటల్లో, ప్రతి శుభకార్యంలో ఉన్నాయి. మాను నాలుగేసి అడుగుల ముక్కలుగా తాడు మీద దిగింది. మొదటి దుంగని మాత్రం పొడుగ్గా ఉంచి, పొలంలో బోదె దాటడానికి వేయిస్తానన్నాడు మావయ్య.

సాయంత్రానికి ఆ గదిలోకి ఎన్నడూ లేనంత వెలుతురొచ్చింది. బాదంచెట్టుని కొట్టలేదు. కొమ్మలు మూడోవంతు తీయించారు. బీట మీద పెన్సిల్‌తో గీత గీసి తారీఖు రాశారు. ఏడాదిపాటు చూసి, పెరిగితే ఇంజినీరుని పిలుస్తారట. కిటికీ కింద గుబురు పలచబడింది. మందార నాలుగడుగులు అవతలికి వెళ్లింది.

మిగిలింది నా సంపెంగ. పాత దొడ్లో పంచుకోకుండా వదిలేసిన జాగా ఒక్కటే ఉంది. పూడ్చేసిన ఉమ్మడి నుయ్యి దగ్గర. అమ్మమ్మ ఓ చేత్తో నా భుజం, ఓ చేత్తో కర్ర పట్టుకుని గోడ దగ్గర నుంచి అడుగులు లెక్కపెడుతూ బయల్దేరింది. పది... పదకొండు... పన్నెండు...

‘ఇక్కడ పాతు’ అంది.

‘ఇంత దూరం నుంచి నీ కిటికీకి వాసనేం వస్తుంది అమ్మమ్మా?’

‘పైరగాలి తెచ్చిస్తుందిలే’ అంటూ చెంబుతో నీళ్లు పోసింది.